వాడిన చిన్న రివాల్వర్‌కు ఎంత ఇవ్వొచ్చు? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి: సెకండ్ హ్యాండ్‌లో చిన్న రివాల్వర్ ఒకటి దొరుకుతోంది, అడిగిన ధర న్యాయమైనదేనా? ఇంత పెట్టండి అని నేను ఒక అంకె చెప్పలేను. ధర ఊరూరికీ, ఏడాది ఏడాదికీ మారుతుంది. కానీ ఆ అంకె దగ్గరికి ఎలా చేరుకోవాలో చెప్పగలను. తుపాకులు బాగుచేయడమే నా వృత్తి కాబట్టి, బేరం కుదిరిపోయాక బాధపడుతూ నా బల్ల దగ్గరికి వచ్చేవాళ్లను ఎప్పుడూ చూస్తుంటాను. వాళ్లు కొనక ముందే వచ్చి ఉంటే ఎంత బాగుండేది అనిపిస్తుంది. అందుకే మొదటి జవాబు కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ప్రశ్న: నాకు లైసెన్సు ఉంది. మా పెదనాన్నగారి స్నేహితుడు ఒకాయన తన స్మిత్ అండ్ వెస్సన్ మోడల్ 36 అమ్ముతానంటున్నారు. రెండంగుళాల బ్యారెల్, ఐదు తూటాలు పడతాయి. బ్యారెల్ మూతి దగ్గర, సిలిండర్ అంచుల్లో నల్లరంగు పోయి లోహం తెల్లగా కనబడుతోంది. సిలిండర్ చుట్టూ ఒక గీత కూడా పడింది. కంపెనీ వాళ్ల కొత్త ఐదు తూటాల రివాల్వర్ ధరలో ముప్పావు వంతు అడుగుతున్నారు. పెద్దాయన కదా, బేరమాడాలంటే మొహమాటంగా ఉంది. ఆ ధర ఇవ్వొచ్చా?

జవాబు: మీరు రాసిందంతా పైపై రూపం గురించే. రంగు పోయిందన్నారు, గీత పడిందన్నారు. ఈ రెండూ చూసి ధర తగ్గించమని అడిగితే, తుపాకుల గురించి మీకు పెద్దగా తెలియదని ఆయనకు వెంటనే అర్థమైపోతుంది. అసలు ధర తేలేది లోపలి పనితనంలో. దాని గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు.

ముందు ఈ రెండు గుర్తుల సంగతి చెబుతాను. మోడల్ 36 మొదట 1950లో చీఫ్స్ స్పెషల్ పేరుతో వచ్చింది. 1957లో కంపెనీ తన తుపాకులన్నిటికీ నంబర్లు పెట్టినప్పుడు దీనికి 36 వచ్చింది. మఫ్టీలో తిరిగే పోలీసులూ, ఆత్మరక్షణ కోసం దగ్గర పెట్టుకునేవాళ్లూ ఎక్కువగా కొన్న రకం ఇది. ఇలాంటి రివాల్వర్లను మోసుకు తిరగడమే ఎక్కువ, కాల్చడం తక్కువ. రోజూ తోలు ఒరలోకి తోసి తీస్తుంటే మూతి దగ్గరా, సిలిండర్ అంచుల్లోనూ రంగు పోతుంది. పైకి అరిగిపోయినట్టు కనబడినా లోపల కొత్తదిలా ఉండే రివాల్వర్లు నా చేతికి చాలానే వచ్చాయి. ఇక ఆ గీత. సిలిండర్‌ను ఆపడానికి ఫ్రేము అడుగు నుంచి చిన్న స్టాప్ ఒకటి పైకి లేస్తుంది. సిలిండర్ తిరిగినప్పుడల్లా అది రాసుకుంటుంది, అందుకే ఆ గీత పడుతుంది. ఈ కంపెనీ రివాల్వర్లలో అది మామూలే. గీత కాదు, ఆ స్టాప్ వచ్చి పడే గంట్లు చూడండి. వాటి అంచులు లోహం చితికి పైకి లేచినట్టు ఉంటే మాత్రం, ఎవరో ట్రిగ్గర్‌ను టకటకా లాగుతూ దాన్ని బాగా హింస పెట్టారని అర్థం.

ఇప్పుడు లోపలి సంగతి. చేతిలోకి తీసుకోగానే సిలిండర్ తెరిచి, తూటాలు కూర్చునే రంధ్రాలు, అంటే ఐదు ఛాంబర్లూ ఖాళీ అని మీ కళ్లతో చూడండి, వేలితో తడిమి కూడా చూడండి. ‘ఖాళీదేనండీ’ అని ఆయన చెప్పినా సరే చూడండి. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. పరీక్ష జరుగుతున్నంతసేపూ మూతి మనుషులున్న వైపు తిరగకూడదు. ‘కొన్ని పరీక్షలు చేసి చూస్తాను’ అని ముందే అనుమతి అడగండి. తుపాకీ అంటే గౌరవం ఉన్నవాళ్లెవరూ దానికి కాదనరు.

మొదటిది టైమింగ్. రివాల్వర్‌లో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. హ్యామర్, అంటే తూటాను కొట్టే వెనక సుత్తి, పడే క్షణానికి ఛాంబర్ సరిగ్గా బ్యారెల్‌కు ఎదురుగా వచ్చి బిగుసుకుని ఉండాలి. అలా లేకపోతే బుల్లెట్ బ్యారెల్ అంచును గీరుకుంటూ పోతుంది. ఆ సీసం రజను పక్కలకు చిమ్ముతుంది. పక్కన నిలబడ్డవాళ్ల ముఖానికి కూడా తగలొచ్చు.

చూడటానికి ఐదు స్నాప్ క్యాప్‌లు, అంటే డమ్మీ తూటాలు, ఛాంబర్లలో పెట్టండి. ఖాళీ ఛాంబర్లతో చూస్తే ఖాళీ కేసుల్ని బయటికి నెట్టే వెనక భాగం, ఎక్స్‌ట్రాక్టర్, కొంచెం కదిలి, లేని లోపం ఉన్నట్టు కనబడొచ్చు. సిలిండర్ మూసి, ఎడమ బొటనవేలిని దాని పక్కన తేలిగ్గా ఆనించండి. చాలా కొద్దిపాటి ఒత్తిడి చాలు. కుడి బొటనవేలితో హ్యామర్‌ను మెల్లగా, మీకే విసుగొచ్చేంత మెల్లగా, వెనక్కి లాగండి. సిలిండర్ తిరుగుతుంది. కింద స్టాప్ గంటులో పడ్డప్పుడు ‘టిక్’ మని చిన్న చప్పుడు వినబడుతుంది. హ్యామర్ పూర్తిగా వెనక్కి వెళ్లి నిలిచినప్పుడు ఇంకొకటి. గంటులో పడ్డ చప్పుడు ముందు రావాలి, లేదంటే కనీసం రెండూ కలిసి రావాలి. హ్యామర్ నిలిచిపోయాక కూడా సిలిండర్ గంటులో పడకుండా ఉండి, వేలితో కాస్త తోస్తే అప్పుడు ‘టిక్’ మందనుకోండి, ఆ ఛాంబర్‌కు టైమింగ్ వెనకబడినట్టే. హ్యామర్‌ను బొటనవేలితో గట్టిగా పట్టుకుని, ట్రిగ్గర్ నొక్కుతూ, మెల్లగా దించండి. మళ్లీ లాగండి. ఐదింటికీ విడివిడిగా చూడాలి. సిలిండర్‌ను తిప్పే పళ్లు ఛాంబర్‌కు ఒకటి చొప్పున ఉంటాయి, అవన్నీ ఒకేలా అరగవు. నాలుగు బాగుండి ఒకటి వెనకబడటం మామూలుగా జరిగేదే. తొందరపడేవాళ్లకు దొరకనిది ఆ ఒక్కటే.

తర్వాత బిగువు. హ్యామర్‌ను దించి, ట్రిగ్గర్‌ను పూర్తిగా వెనక్కి నొక్కి పట్టుకుని, సిలిండర్‌ను పక్కలకు ఆడించి చూడండి. స్మిత్ అండ్ వెస్సన్‌లో కొద్దిగా కదలడం సహజం, దానికి కంగారు పడొద్దు. ఇప్పుడు ముందుకూ వెనక్కూ జరపండి. ఇలా జరిగేదాన్ని ఎండ్ షేక్ అంటారు. ఇది దాదాపు తెలియకుండా ఉండాలి. చేతికి తెలిసేంత కదులుతూ, లోపల ‘టక్ టక్’ మంటుంటే, ఎక్కువ కాల్చారని గానీ, ఒత్తిడి ఎక్కువున్న తూటాలు వాడారని గానీ అర్థం. కంటితో అంచనా వేయకండి, సన్నని సందులు కొలిచే రేకుల కట్ట, ఫీలర్ గేజ్, తీసుకెళ్లండి. సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య ఉన్న సందును, సిలిండర్‌ను వెనక్కి నొక్కి ఒకసారి, ముందుకు నొక్కి ఒకసారి కొలవండి. వెనక్కి నొక్కినప్పుడు సందు అంగుళంలో వెయ్యింట నాలుగు నుంచి ఎనిమిది వంతుల మధ్య ఉంటే బాగున్నట్టే. పది దాటితే, అంటే పావు మిల్లీమీటరు దాటితే, ధర తగ్గించమనే హక్కు మీకుంది. రెండు కొలతలకూ ఉన్న తేడాయే ఎండ్ షేక్. ఒకటి రెండు వంతులు పర్వాలేదు. నాలుగైదు వస్తే సన్నని వాషర్లు వేసి సరిచేయాలి. అది పెద్ద పనేం కాదు, కానీ ఖర్చే కదా.

మూడోది, హ్యామర్ జారుతుందా అన్నది. హ్యామర్‌ను వెనక్కి లాగి నిలిపి, ట్రిగ్గర్‌ను అస్సలు ముట్టుకోకుండా, బొటనవేలితో హ్యామర్‌ను ఓ మోస్తరుగా ముందుకు నెట్టండి. పడకూడదు. పడిందంటే లోపల ఎవరో ఆకురాయి పెట్టి గీకారనో, బాగా అరిగిపోయిందనో అర్థం. అలాంటి రివాల్వర్‌కు తగ్గింపు అడగొద్దు. దణ్ణం పెట్టి వచ్చేయండి.

తక్కినవి చకచకా చూసేయొచ్చు. బ్యారెల్‌లో టార్చి వేసి చూడండి. మసి ఉంటే పోతుంది, తుప్పు తిన్న గుంటలు పోవు. సిలిండర్ తెరిచి, బుల్లెట్ బ్యారెల్‌లోకి ముందుగా ప్రవేశించే చోట, అంటే ఫోర్సింగ్ కోన్ అనే భాగంలో, పగుళ్లున్నాయేమో చూడండి. సిలిండర్‌ను పట్టి ఉంచే యోక్ నిటారుగా ఉందా అన్నది ఇంకొకటి. సినిమాల్లోలాగా మణికట్టు విసిరి సిలిండర్ మూసే అలవాటు ఉన్నవాళ్ల చేతిలో అది వంగిపోతుంది. మూసేటప్పుడు చివర్లో సందు ఒక పక్క ఎక్కువ, ఇంకో పక్క తక్కువ కనబడితే వంగిందని అనుమానించాలి. పక్క ప్లేటు స్క్రూల తలలు చెక్కుకుపోయి ఉంటే, సరైన స్క్రూడ్రైవర్ కూడా లేనివాళ్లెవరో లోపల చెయ్యి పెట్టారు. అప్పుడు పైన చెప్పిన మూడు పరీక్షలూ రెండోసారి చేయండి.

ఇక ధర. మీరు దీన్ని కంపెనీ కొత్త రివాల్వర్ ధరతో పోల్చారు. ఆ కొలబద్ద ఇక్కడ పనికిరాదు. కొత్తదానికి వారంటీ వస్తుంది, దీనికి రాదు. దీనికేమో పాతకాలపు పనితనం, పాత బ్లూయింగ్ (ఉక్కుకు పట్టించే నీలినలుపు రంగు) ఉన్నాయి. వాటి కోసమే ఇష్టపడి కొనేవాళ్లున్నారు. ఇదే మోడల్, ఇదే బ్యారెల్ పొడవు, ఇదే రంగు, దాదాపు ఇదే కాలానికి చెందినవి ఈ మధ్య ఎంతకు అమ్ముడయ్యాయో తెలుసుకోండి. అడిగిన ధరలు కాదు, అమ్ముడైన ధరలు. ఎవరైనా ఎంతైనా అడగొచ్చు. ఏడాదిగా అమ్ముడుపోకుండా ఉన్నదాని ధర చూసి ‘మార్కెట్ రేటు ఇంత ఉందండీ’ అని చెప్పేవాళ్లు చాలామంది. వేలంలో ముగిసిన ధరలు, లైసెన్సున్న డీలర్లు నిజంగా అమ్మిన ధరలు మాత్రమే లెక్కలోకి తీసుకోండి. బాగా ఎక్కువగా, బాగా తక్కువగా ఉన్నవాటిని పక్కన పెట్టేయండి.

అలా వచ్చిన మధ్య ధరను 100 అనుకుందాం. లోపల అన్నీ బాగుండి, పైన మీరు రాసినంత అరుగుదలే ఉంటే నేనైతే 85 నుంచి 90 దాకా ఇస్తాను. టైమింగ్ ఒక ఛాంబర్‌కు వెనకబడితే మరమ్మతుకయ్యే ఖర్చును ముందే కనుక్కుని అందులోంచి తీసేస్తాను. దాని మీద ఇంకొంచెం కూడా తగ్గిస్తాను. బాగుచేయించడానికి తిరిగే శ్రమా, లోపల ఇంకేం బయటపడుతుందో అన్న టెన్షనూ నావి కదా. బ్యారెల్ లోపల గుంటలు పడి ఉంటే 60 దాటను. లైసెన్సులో ఎక్కించుకోవడానికీ, బదిలీకీ అయ్యే ఫీజులు కూడా మీ లెక్కలో ఉండాలి. చాలామంది వాటిని మర్చిపోయి బేరం బాగా కుదిరిందనుకుంటారు.

మొహమాటం సంగతికొస్తే, ఈ పరీక్షలన్నీ పెద్దాయన ముందే చేయండి. ఏ చప్పుడు ముందొచ్చిందో, గేజ్ ఎంత చూపిందో ఆయన్ను కూడా చూడమనండి. ‘మీరు ఎక్కువ చెబుతున్నారు’ అనేకన్నా ‘బాబాయిగారూ, ఈ మూడో ఛాంబర్ ఒకసారి మీరే చూడండి’ అనడం తేలిక. ఏళ్ల తరబడి వాడినవాళ్లకు తమ రివాల్వర్ సంగతి తెలిసే ఉంటుంది. చాలాసార్లు ఆయనే ధర తగ్గిస్తారు.

ప్రశ్న: అల్యూమినియం ఫ్రేముతో వచ్చిన తేలికపాటి ఐదు తూటాల రివాల్వర్ ఒకటి చూశాను. ‘మొత్తం మీద ఒక పెట్టె తూటాలు కూడా కాల్చలేదు’ అంటున్నాడు అమ్మే అతను. కొత్తలాగే మెరుస్తోంది. అతని మాట నమ్మి కొత్త ధరకు దగ్గరగా ఇవ్వొచ్చా?

జవాబు: నమ్మాల్సిన అవసరం లేదు, అనుమానించాల్సిన అవసరమూ లేదు. చూడాల్సిన చోట చూస్తే సరిపోతుంది.

పైన చెప్పిన పరీక్షలన్నీ దీనికీ చేయండి. ఒకటి మాత్రం అదనం. సిలిండర్ తెరిచి పట్టుకుని, బ్యారెల్ స్క్రూలాగా ఫ్రేములోకి బిగిసే చోటికి సరిగ్గా కింద, యోక్ కూర్చునే ఖాళీలో, ఫ్రేము గోడ చాలా పల్చగా ఉంటుంది. టార్చిని పక్క నుంచి ఏటవాలుగా పట్టి అక్కడ చూడండి. నిటారుగా వెలుగు వేస్తే కనబడదు. నూనె ఉంటే తుడిచేసి చూడండి. పొడుగ్గా, వెంట్రుకంత సన్నని గీత ఒకటి కనబడితే అది గీత కాదు, పగులు. గోరు పెట్టి లాగితే కొన్నిసార్లు తగులుతుంది, కొన్నిసార్లు తగలదు. తేలికపాటి ఫ్రేములున్న చిన్న రివాల్వర్లకు ఇది పాత జబ్బే. కొన్నింటికి ఎక్కువ కాల్చడం వల్ల వస్తుంది. కొన్నింటికి బ్యారెల్‌ను ఫ్యాక్టరీలో మరీ గట్టిగా బిగించడం వల్ల వస్తుంది. అంటే అతను నిజంగానే పెట్టె తూటాలు కూడా కాల్చకపోయినా పగులు ఉండొచ్చు. అందుకే అతని మాటతో పనిలేదన్నాను.

పగిలిన ఫ్రేమును అతికించి వాడుకోవడం కుదరదు. సీరియల్ నంబర్ ఉండేది ఫ్రేము మీదే. అమెరికా చట్టం లెక్కలో ఆ ఫ్రేమే తుపాకీ. అది పోతే మీ దగ్గర మిగిలేవి విడిభాగాలే. కాబట్టి పగులు కనబడితే ఎంత తగ్గించినా కొనకండి. ‘కంపెనీ మార్చి ఇస్తుందిలెండి’ అంటే, ‘అయితే మీరే మార్పించి అమ్మండి’ అనండి.

పగులు లేకపోతే, బాగున్న దానికి, ఇప్పటికీ కొత్తగా దొరుకుతున్న మోడల్ అయితే, కొత్త ధరలో ముప్పావు వంతుకు మించి నేను ఇవ్వను. మించితే ఆ మిగతా కాస్త కలిపి కొత్తదే తీసుకోవడం మేలు. పాత మోడళ్ల దగ్గర ఇంకో జాగ్రత్త ఉంది. 1950ల మొదట్లో ఫ్రేముతో పాటు సిలిండర్ కూడా అల్యూమినియంతో చేసినవి కొన్ని వచ్చాయి. అవి పాత తుపాకులు సేకరించే కలెక్టర్లు దాచుకునే వస్తువులు, కాల్చడానికి పనికిరావు. అలాంటిది ఎదురైతే మామూలు రివాల్వర్ ధరల లెక్క వేయకండి, తెలిసిన కలెక్టర్‌కు చూపించండి. టైటానియం సిలిండర్ ఉన్నదైతే ఛాంబర్ల ముందు అంచులు చూడండి. తేలికపాటి బుల్లెట్లున్న మ్యాగ్నమ్ (ఎక్కువ శక్తి ఉన్న) తూటాలు వాడినా, మసి వదిలించడానికి గరుకు కాగితంతో రుద్దినా, అక్కడ పై పొర పోయి లోహం కొరుక్కుపోతుంది.

ప్రశ్న: మా నాన్నగారు ఈ మధ్యే కాలం చేశారు. ఆయన దగ్గర పాత కోల్ట్ డిటెక్టివ్ స్పెషల్ ఉండేది. మా ఇంట్లో ఎవరికీ దానితో పనిలేదు, అమ్మేద్దామనుకుంటున్నాం. అక్కడక్కడ రంగు పోయింది. పాత చెక్క పిడి ఊడదీసి నాన్నగారు రబ్బరు పిడి వేసుకున్నారు. మా బాబాయి, ‘ముందు మెరుగు పెట్టించి, కొత్తగా బ్లూయింగ్ చేయించి అమ్మితే రెండింతలు వస్తుంది’ అంటున్నాడు. అలా చేయమంటారా?

జవాబు: వద్దమ్మా. దయచేసి వద్దు. ఇంకెవరికీ ఇవ్వకుండా, దేంతోనూ రుద్దకుండా ముందు దాన్ని అలాగే ఉంచండి.

కోల్ట్ వాళ్లు 1927లో ఈ మోడల్ తెచ్చారు. రెండంగుళాల బ్యారెల్‌తో, అంత చిన్న తుపాకీలో ఆరు తూటాలు పట్టేలా చేశారు. తర్వాత వచ్చిన స్మిత్ అండ్ వెస్సన్ చిన్న ఫ్రేముల్లో ఐదే పడతాయి. మెరుగు, బ్లూయింగ్ చేత్తో ఓపిగ్గా చేసిన కాలం నాటివి వీటిలో చాలా ఉన్నాయి. ఇప్పుడు వాటిని కొనేవాళ్లలో చాలామంది కలెక్టర్లు. వాళ్లు డబ్బు పెట్టేది ఫ్యాక్టరీ వేసిన రంగు ఎంత మిగిలిందన్నదానికే. నూటికి 80 వంతులు మిగిలిన పాత రంగుకు, నూటికి నూరు ఉన్న కొత్త రంగు కంటే ఎక్కువ ఇస్తారు.

మెరుగు పెట్టించారని వాళ్లకు తెలియకుండా ఉంటుందనుకోకండి. మెరుగు చక్రం కింద పెడితే బ్యారెల్ మీది అక్షరాల అంచులు మొద్దుబారతాయి. స్క్రూ రంధ్రాల చుట్టూ చిన్న పళ్లెంలా పల్లం పడుతుంది. నిటారుగా ఉండాల్సిన ఫ్రేము అంచులు గుండ్రంగా అయిపోతాయి. పోయిన లోహం మళ్లీ రాదు. స్మిత్ అండ్ వెస్సన్ పాత తుపాకుల్లోనైతే హ్యామర్, ట్రిగ్గర్ మీద రంగురంగుల మచ్చలతో కేస్ హార్డెనింగ్, అంటే పైపొరను గట్టిపరిచిన పని, ఉంటుంది. అవి కూడా నల్లగా ఉన్నాయంటే తిరిగి రంగు వేశారని చూడగానే చెప్పేస్తారు. కొనబోయే పాఠకులు కూడా ఈ గుర్తులు మనసులో పెట్టుకోండి.

మీరు చేయాల్సిన పనులు వేరే ఉన్నాయి. అన్నిటికన్నా ముందు, అది చట్టప్రకారం ఎవరి పేరు మీద, ఎవరి దగ్గర ఉండాలో లైసెన్సులిచ్చే కార్యాలయంలో కనుక్కోండి. యజమాని పోయాక తుపాకీ ఊరికే బీరువాలో ఉండిపోకూడదు. చాలా చోట్ల దీనికి గడువుంటుంది. అవసరమైతే లైసెన్సున్న డీలర్ దగ్గర భద్రపరచండి. తర్వాత ఇల్లంతా వెతకండి. ఆ పాత చెక్క పిడి నాన్నగారు పారేసి ఉండరని నా నమ్మకం. తమ రివాల్వర్‌ను అంత ప్రేమగా చూసుకున్నవాళ్లు దాని పాత పిడిని ఏ సొరుగులోనో దాస్తారు. కొన్నప్పటి పెట్టె, రసీదు, చిన్న పుస్తకం, శుభ్రం చేసే కడ్డీ, ఏది దొరికినా పక్కన పెట్టండి. ఇవన్నీ కలిస్తే ధరలో కనబడేంత తేడా వస్తుంది. సీరియల్ నంబర్ పంపి, రుసుము కడితే అది ఎప్పుడు, ఎవరికి పంపారో చెబుతూ కోల్ట్ వాళ్లు తమ రికార్డుల నుంచి లేఖ ఇస్తారు. ఏదైనా పోలీసు విభాగం ముద్ర దాని మీద ఉంటే ఆ లేఖ తప్పక తెప్పించండి, ఆ ముద్రను మాత్రం చెరపనివ్వకండి.

కోల్ట్ టైమింగ్ చూడటం కాస్త వేరుగా ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కి పట్టుకున్నప్పుడు పాత కోల్ట్ సిలిండర్ అసలు కదలకూడదు. స్మిత్‌లో సహజమన్న ఆ కొద్దిపాటి ఆట ఇక్కడ అరుగుదల కిందే లెక్క. ఆ బిగువే దాని అందం, కానీ అందువల్లే సిలిండర్‌ను తిప్పే ‘చెయ్యి’ అనే లోపలి భాగం మీద భారం ఎక్కువ పడి టైమింగ్ త్వరగా తప్పుతుంది. పాత కోల్ట్‌ను బాగుచేయడం అందరికీ వచ్చిన పని కాదు. చేయగలిగినవాళ్లు దొరికితే చూపించి, ఎలా ఉందో రాయించుకోండి. బాగుందని వాళ్లు రాసిస్తే ఆ కాగితం బ్లూయింగ్ కన్నా ఎక్కువ డబ్బు తెస్తుంది. బాగా లేకపోయినా ఉన్నదున్నట్టు చెప్పి అమ్మండి.

శుభ్రం చేయాలనిపిస్తే మెత్తటి గుడ్డ మీద రెండు చుక్కల తుపాకీ నూనె వేసి తుడవండి, అంతే చాలు. బాబాయిగారికి ఈ జవాబు చూపించండి. ఆయన మీ మంచి కోరే చెప్పారు.

ప్రశ్న: స్మిత్ అండ్ వెస్సన్ చిన్న రివాల్వర్లలో పక్కన తాళం రంధ్రం ఉన్నవి, లేనివాటి కంటే తక్కువకు దొరుకుతున్నాయి. లోపం ఏమైనా ఉందా?

జవాబు: తుపాకీ పేలకుండా ఆపే ఆ లోపలి తాళం 2001 నుంచి రావడం మొదలైంది. అది ఉండటం చాలామంది అభిమానులకు నచ్చదు, చూడ్డానికి బాగోలేదంటారు, అవసరానికి దానంతట అదే పడిపోతుందేమోనని భయపడతారు. అందుకే ధర తక్కువ. బాగున్నదైతే వాడకానికి నేను వెనకాడను. మీకు ఇష్టమైతే ఆ తగ్గింపు మీకు లాభమే. రేపు మీరు అమ్మినప్పుడు కూడా అదే తగ్గింపు ఇవ్వాల్సి వస్తుందని గుర్తుంచుకుంటే చాలు. తాళం చెవులు రెండూ అడిగి తీసుకోండి.

ప్రశ్న: మార్కెట్ ధరలో సగానికే ఇస్తానంటున్నాడు ఒకతను. కాగితాలు తర్వాత చూసుకుందాం అంటున్నాడు. సీరియల్ నంబర్ మీద గీతలున్నాయి, సరిగ్గా కనబడటం లేదు.

జవాబు: దానికి ధర లేదు. ముట్టుకోకండి, ఆ మనిషితో ఇక మాట్లాడకండి, పోలీసులకు చెప్పండి. నంబర్ చెరిపిన తుపాకీ మీ చేతిలో ఉంటే, అది ఎక్కడెక్కడ తిరిగి ఏం చేసిందో దానికంతటికీ మీరు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

ప్రశ్న: రూగర్ ఎస్‌పీ101 ఒకటి సెకండ్ హ్యాండ్‌లో చూశాను. ట్రిగ్గర్ ఎంత మెత్తగా ఉందో చెప్పలేను, కొత్తదాని కంటే చాలా తేలిక. ‘పని చేయించాను, అందుకే ధర ఎక్కువ’ అంటున్నారు. ఎక్కువ ఇవ్వొచ్చా?

జవాబు: ఎస్‌పీ101 బలమైన ఉక్కు ఫ్రేము ఉన్నది, తేలిగ్గా పాడయ్యే రకం కాదు. కానీ చిన్న రివాల్వర్లలో ట్రిగ్గర్ మరీ తేలికగా ఉంటే నేను మొదట సంతోషించను, అనుమానిస్తాను. చాలాసార్లు ‘పని చేయించాను’ అంటే స్ప్రింగులు మార్చారని అర్థం. హ్యామర్ స్ప్రింగు మెత్తబడితే దెబ్బ బలం తగ్గి, గట్టి ప్రైమర్ (తూటా వెనక దెబ్బకు అంటుకునే చిన్న మూత) ఉన్న తూటాలు పేలవు. ఆత్మరక్షణకు కొనే రివాల్వర్‌లో అంతకన్నా పెద్ద లోపం లేదు.

వీలుంటే రేంజ్‌లో, మీరు రోజూ వాడబోయే తూటాలతోనే, ట్రిగ్గర్‌ను మాత్రమే లాగుతూ కాల్చి చూడండి. ఒక్కటి పేలకపోయినా ఆ ‘పని’కి విలువ లేనట్టే. అన్నీ పేలితే, పనితనం నిజంగా శుభ్రంగా ఉంటే, కాస్త ఎక్కువ ఇవ్వడంలో తప్పులేదు. అయితే ఆయన పెట్టిన ఖర్చంతా మీరు తిరిగి ఇవ్వాల్సిన పనిలేదు. ఆ మార్పులు ఆయన తన చేతికి, తన ఇష్టానికి చేయించుకున్నవి. హ్యామర్ కొమ్మును కోసేయించి ఉంటే, జేబులో పెట్టుకోవడానికి వీలుగానే ఉంటుంది, కానీ కొనేవాళ్లు తగ్గుతారు, కాబట్టి ధర తగ్గాలి.

ఇంకొకటి. అది .357 మ్యాగ్నమ్ రకమైతే ఛాంబర్లలోకి టార్చి వేసి చూడండి. పొట్టిగా ఉండే .38 స్పెషల్ తూటాలు ఎక్కువగా కాల్చిన వాటిలో, ఆ తూటా మూతి ఆగే చోట మసి ఉంగరంలా గడ్డకట్టి ఉంటుంది. .357 తూటా ఖాళీ కేసు పెట్టి చూస్తే పూర్తిగా లోపలికి దిగదు, లేదా ఖాళీ కేసుల్ని బయటికి నెట్టే ఎజెక్టర్ రాడ్ నొక్కినా బయటికి రాదు. అది మసి అయితే బ్రష్షుతో పోతుంది. దాని కింద లోహం తినేసి ఉంటే పోదు. శుభ్రం చేసి చూపించమని ఆయన్నే అడగండి. తీసేసిన పాత స్ప్రింగులు ఉంటే అవి కూడా కలిపి ఇమ్మనండి, ఏ ధరకు కొన్నా మొదట అవే వేయించుకోండి.